టుకుమ్‌కారీలో షెవర్లే, హోల్‌బ్రూక్‌లో ఫోర్డ్

పాత పికప్ ట్రక్కు కొనదలచినవారు మంచు కురిసే రాష్ట్రాలను వదిలి ఎండ ప్రాంతాల్లో వెతకాలని అనుభవమున్నవారు చెబుతారు; చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు రేకును లోపలినుంచి తినేస్తుంది. ఆ మాట పట్టుకొని, మా బావమరిదితో కలిసి డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి బయలుదేరి, రూట్ 66 అనే పాత హైవే మీది ఊళ్ళలో రెండు బళ్ళు చూసి వచ్చాను.

అమరిల్లో మీదుగా సుమారు 480 మైళ్ళు వెళితే న్యూమెక్సికోలోని టుకుమ్‌కారీ వస్తుంది. అక్కడ బ్లూ స్వాలో మోటెల్‌లో దిగాము. గదుల పక్కనే కారు షెడ్లున్న ఆనాటి కట్టడం అది. నియాన్ దీపాలు వెలిగాక ఆరుబయట కూర్చోవడానికే మరో రాత్రి ఉండవచ్చు.

ఆ ఊళ్ళో చూసినది 1950 నాటి షెవర్లే 3100. క్యాబిన్ వెనుక మూలల్లో వంపు అద్దాలు, తొట్టిలో చెక్క పలకలు, ఆరు వోల్టుల కరెంటు. సెల్ఫ్ కొట్టడానికి బటన్ లేదు, నేల మీది పెడల్‌ను కాలితో తొక్కాలి. తొక్కితే ఇంజను బద్ధకంగా మూడు చుట్లు తిరిగి, నాలుగో చుట్టులో అందుకొని, కుట్టుమిషనులా మెత్తగా ఆడింది. అయితే ఆ 216 క్యూబిక్ అంగుళాల ఇంజనులో కనెక్టింగ్ రాడ్ల బేరింగులకు ఆయిల్ పూర్తి ఒత్తిడితో అందదు. పైగా వెనుక యాక్సిల్ గేరు బరువులకు పెట్టినది, వేగం పెంచితే ఇంజను మరీ ఎక్కువ చుట్లు తిరగాలి. హైవే మీద గంటకు 50 మైళ్ళు దాటించడానికి నాకు మనసొప్పలేదు.

మరో 400 మైళ్ళ దూరంలో, ఆరిజోనాలోని హోల్‌బ్రూక్‌లో, 1956 ఫోర్డ్ ఎఫ్-100 ఉంది. విగ్వామ్ మోటెల్‌లో శంకువు ఆకారపు కాంక్రీటు గదుల ముందు నిలిపిన పాత కార్లను చూస్తూ రాత్రి గడిపాము. పిల్లలతో వెళ్ళేవారికి ఇదే నచ్చుతుంది. ఇక బండి విషయానికి వస్తే, నడపడానికి ఫోర్డే మేలు: వి-8 ఇంజను, 12 వోల్టులు, పక్కలకు తిరిగిన ముందు అద్దం. 1953లో మొదలైన ఈ తరంలో ఆ అద్దం 1956 బళ్ళకే ఉంది, కాబట్టి సేకర్తలు దానికే ఎగబడతారు. చిక్కు కూడా అక్కడే ఉంది. పాడైతే పాత ఏళ్ళ బళ్ళ ముందు అద్దం తెచ్చి బిగించడం కుదరదు.

బయలుదేరే ముందే ఈ ఫోర్డును చూడమని స్థానిక తనిఖీదారు ఒకరికి డబ్బు కట్టాము. ఆయన పంపిన నలభై ఫొటోల్లో బండి అడుగు భాగం ఒక్కటీ లేదు. ఫ్రిజ్ మీది అయస్కాంతాన్ని చేతిరుమాలులో చుట్టి తలుపుల కింది అంచున ఆనిస్తే, ఎడమవైపు అంటుకుంది, కుడివైపు జారి పడింది. రంగు కింద ఉన్నది పుట్టీ. పాత కాగితాలు చూస్తే, బండి ఆరిజోనాకు వచ్చి మూడేళ్ళే అయింది, అంతకుముందంతా మంచు కురిసే ఒహాయోలో తిరిగింది.

ఇంజనును విప్పి బాగుచేసుకోవచ్చు గాని, తుప్పు తిన్న క్యాబిన్‌తో వేగడం నా వల్ల కాదు. తిరుగు ప్రయాణంలో టుకుమ్‌కారీలో ఆగి, షెవర్లేకు బయానా ఇచ్చి, నడిపే ధైర్యం చాలక ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకున్నాము.