పాత మియాటా కొనేవాళ్ళకి, ఎనిమిదేళ్ళు వాడినవాడి మాట

నాది 2002 మోడల్ మాజ్డా మియాటా, టాప్ తెరిచే చిన్న రెండు సీట్ల కారు, 5 స్పీడ్ మాన్యువల్, కొన్నప్పటికే 84 వేల మైళ్ళు తిరిగిన బండి. న్యూజెర్సీలో కొని ఎనిమిదేళ్ళయింది, ఇప్పుడు లక్షా 31 వేలు దాటింది. టాప్ తీసే బండి కొనాలనుకునే మనవాళ్ళు ముందు అడిగేది మైళ్ళ గురించే. నేనైతే మైళ్ళు అంత పట్టించుకోను. ఈ బండికి ఇంజిన్ గట్టిది, ముందు పోయేది బాడీ.

ఎందుకంటే వాన పడితే టాప్ మీది నీళ్ళు వెనక్కి జారి, సీట్ల వెనకాల చెరో పక్కా ఉన్న డ్రెయిన్ల లోంచి కిందకి పోవాలి. అక్కడ ఆకులూ మట్టీ పేరుకుంటే ఆ నీళ్ళు డోర్ కింద రాకర్ ప్యానెల్లోకి దిగి నిలబడిపోతాయి, లోపల్నించి తుప్పు తినుకుంటూ వస్తుంది, పెయింట్ మీద చిన్న బుడగ మనకి కనపడేసరికి లోపల రేకు మిగలదు. దానికి తోడు ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా.

నేను మొదట చూసింది ఇది కాదు, పెన్సిల్వేనియాలో ఒక ఎర్ర బండి. అద్దంలా మెరుస్తోంది, మా ఆవిడకి తెగ నచ్చేసింది, చెక్ బుక్ కూడా తీసుకెళ్ళాం. ఫ్రిజ్‌కి అంటించే మెత్తటి అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్ళా, వెనక చక్రానికి కాస్త ముందు, రాకర్ చివర ఆనిస్తే జారి కింద పడింది. మళ్ళీ పెట్టా, మళ్ళీ పడింది. ఒక అడుగు ముందుకి జరిపితే టక్కున అతుక్కుంది. అంటే ఆ చివర పుట్టీ పెట్టి రంగేశారన్నమాట. థాంక్స్ చెప్పి వచ్చేశాం, దారంతా మా ఆవిడ ఏం మాట్లాడలేదు పాపం.

ఈ బండి చూసినప్పుడు సీట్ల వెనక కార్పెట్ ఎత్తి అరచేత్తో నొక్కి చూశా, పొడిగా ఉంది, ముక్కిన వాసన లేదు. తర్వాత అర లీటర్ బాటిల్‌తో నీళ్ళు ఒక్కో డ్రెయిన్‌లో పోశా, బండి కింద ధారలా వచ్చేశాయి. చుక్క చుక్కగా వచ్చినా, అసలు రాకపోయినా అనుమానించాల్సిందే. 1999 నుంచి 2005 దాకా వచ్చిన ఈ తరం బండ్లకి ముందు ఫ్రేమ్ రైల్స్ (బండి అడుగున బరువు మోసే ఉక్కు దూలాలు) కూడా తుప్పు పడతాయి, అది నేల మీద కూర్చుని చూస్తే తెలీదు, మెకానిక్‌కి డబ్బులిచ్చి లిఫ్ట్ మీద ఎక్కించి చూపించుకోండి. నాకు 120 డాలర్లు అయింది, ఆ ఖర్చు దగ్గర మాత్రం వెనకాడొద్దు.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించుకోండి, మీరెళ్ళేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఇంకోరోజు వస్తానని చెప్పండి. టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ వాల్వులని సమయానికి తెరిపించే బెల్టు) 60 వేల మైళ్ళకి మార్చాలి, రసీదు చూపించకపోతే మార్చలేదనే లెక్కేసుకుని రేటు తగ్గించమనండి. చల్లగా ఉన్నప్పుడు రెండో గేర్ గరగరమంటోందా, క్లచ్ పెడల్ మెత్తగా దిగిపోతోందా చూడండి. క్లచ్ స్లేవ్ సిలిండర్ (పెడల్ నొక్కితే ద్రవం ఒత్తిడితో క్లచ్‌ని కదిలించే భాగం) లీక్ అవడం వీటిలో మామూలే, నేనూ ఒకసారి మార్చా, పెద్ద ఖర్చు కాదు.

టైర్ల సంగతి మాత్రం నేను వదిలేశా, అదే తప్పయింది. గాడి లోతు బాగుందని సరిపెట్టుకున్నా. నెల తిరక్కుండా వానలో హైవే ర్యాంప్ మీద వెనకభాగం ఒక్కసారిగా పక్కకి జారింది, ఎలాగో నిలబెట్టా, చేతులు వణికిపోయాయి. ఇంటికొచ్చి టైరు పక్కన అచ్చేసి ఉండే డీఓటీ నంబర్ (తయారీ కోడ్) చూస్తే చివరి నాలుగంకెలు 3105, అంటే 2005లో 31వ వారం తయారైన టైర్లు! ఇలాంటి బండ్లు తక్కువ తిరుగుతాయి, గాడి అరగదు కానీ రబ్బరు గట్టిపడిపోతుంది. రియర్ వీల్ డ్రైవ్, పైగా ఇందులో బండి జారకుండా తనే సర్దే స్టెబిలిటీ కంట్రోల్ లేదు. దయచేసి ఆ నాలుగంకెలు చూడకుండా టెస్ట్ డ్రైవ్‌కి కూడా వెళ్ళొద్దు.

టాప్ మీరే రెండుసార్లు తెరిచి మూసి చూడండి, మడత పడే చోట చీలికలు, వెనక అద్దం అంచు అతుకు ఊడుతోందా చూడండి. నాది ఐదేళ్ళకి ఊడింది, కొత్త టాప్ వేయించడానికి వెయ్యి డాలర్లు దాటింది.

ఇంకోటి, ఎవర్ని ఎక్కించుకోవాలనుకుంటున్నారో వాళ్ళని ఒకసారి కూర్చోబెట్టండి. మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు డెలావేర్ నది పక్కన రూట్ 29 మీద తిప్పా. తలకి కండువా చుట్టుకుని, "ఇలా మొహానికి గాలి తగిలి ఎన్నాళ్ళయిందిరా, మన పాత స్కూటర్ గుర్తొస్తోంది" అని దారంతా కబుర్లే. దిగేటప్పుడు మాత్రం సీటు బాగా కిందకి ఉండటంతో మోకాళ్ళు పట్టేశాయి, రెండు చేతులూ పట్టుకుని లేపాల్సొచ్చింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఎప్పుడు వెళ్దాం అని ఆయనే అడిగారు.