ఇండక్షన్ స్టవ్: పైన అద్దం, అడుగున బొద్దింకల కాపురం

షాపులో ఇండక్షన్ స్టవ్‌ని తిరగేసి ఎవరూ చూపించరు. అడుగున ఫ్యాన్ గాలి పీల్చుకోవడానికి చీలికలుంటాయి. పిల్ల బొద్దింకే కాదు, బాగా ఎదిగినది కూడా దర్జాగా దూరేంత వెడల్పు. వాడి వాడి నాకు ఈ స్టవ్ మీద మిగిలిన కోపమంతా ఆ చీలికల మీదే.

వంట సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. టీ నీళ్లు గ్యాస్ కన్నా ముందే మరుగుతాయి, ఎండాకాలంలో వంటింట్లో సెగ తగలదు. అసలు గొడవ వానాకాలంలో మొదలైంది.

పొద్దున్నే కుక్కర్ పెడితే ఒక్క విజిల్ కూడా రాకముందే కీ కీ మని అరిచి, ఎర్రర్ కోడ్ చూపించి ఆగిపోయేది. ఈ కోడ్‌లు కంపెనీకో రకంగా ఉంటాయి కాబట్టి ఇంకొకరి స్టవ్ కోడ్ చూసి మనది తేల్చుకోకూడదు. మా స్టవ్‌తో ఇచ్చిన పుస్తకం ప్రకారం దానర్థం గిన్నె మరీ వేడెక్కిపోయిందని. అప్పుడే పోసిన చన్నీళ్ల గిన్నె పెట్టినా అదే పాట!

అందరూ చెప్పేవన్నీ చూశాం. గిన్నె ఇండక్షన్‌కి పనికొస్తుందో లేదో అని ఫ్రిజ్ మీది అయస్కాంతం దాని అడుగున పెడితే గట్టిగానే అతుక్కుంది. అడుగు ఉబ్బితే అద్దానికి సరిగ్గా ఆనదు, అద్దం కింద మధ్యలో ఉండే సెన్సర్‌కి వేడి లెక్క తప్పుతుంది. మా గిన్నెలు చదునుగానే ఉన్నాయి. వోల్టేజీ అనుకుందామంటే మా వీధిలో అది పడిపోయేది సాయంత్రాలు, ఏసీలన్నీ మొదలయ్యాక. ఇది ఆగేది తెల్లారగట్ల. ప్లగ్ పాయింటూ 16 ఆంపియర్లదే. (2000 వాట్ల స్టవ్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ల పాయింట్లో, అదీ ఎక్స్‌టెన్షన్ బాక్సుతో వాడేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.)

వారంటీ ఎప్పుడో అయిపోయింది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, విప్పి చూడకుండానే లోపలి సర్క్యూట్ బోర్డు పోయిందన్నారు. చెప్పిన ధరకి ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుంది. అందుకని మా వీధి చివర మిక్సీలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన అద్దం తీయగానే ముందు పెద్ద కెపాసిటర్‌లోని కరెంటు దించేశాడు. “ప్లగ్ పీకినా ఇందులో కాసేపు మూడొందల వోల్టుల పైనే ఉంటుందమ్మా, ఇంట్లో మీరు మాత్రం విప్పొద్దు” అన్నాడు. గిన్నెని వేడెక్కించే తీగచుట్ట, అదే కాయిల్, పైకెత్తితే కింద గోధుమరంగు గుడ్ల తిత్తులు, బోర్డంతా నల్లటి రెట్టలు. “సంసారమే పెట్టేశాయమ్మా!” అని నవ్వాడు. నాకు మాత్రం కడుపులో తిప్పింది.

సెన్సర్ నుంచి వచ్చే రెండు తీగలు బోర్డుకి తగులుకునే చోట రెట్టలు మందంగా పేరుకున్నాయి. ఆ సెన్సర్ వేడెక్కే కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. బోర్డు వేడిని లెక్కగట్టేది దాన్ని బట్టే. రాత్రి తేమకి రెట్టలు నాని ఆ రెండు తీగల మధ్య కరెంటు లీకయితే నిరోధం తగ్గినట్టే కనిపిస్తుంది. బోర్డేమో గిన్నె మాడిపోతోందనుకుని స్టవ్ ఆపేస్తుంది. వానాకాలంలోనే, అదీ పొద్దున్నే ఎందుకు ఆగుతోందో అప్పుడర్థమైంది. స్పిరిట్‌తో బ్రష్ పెట్టి కడిగి ఆరబెట్టాడు, అంతే. మూడొందలు తీసుకున్నాడు. అదే ఏ బొద్దింకో ఐజీబీటీ (కాయిల్‌కి కరెంటు ఇస్తూ ఆపుతూ ఉండే స్విచ్ లాంటి భాగం) కాళ్ల మధ్య అడ్డం పడి ఉంటే ఫ్యూజుతో పాటు అదీ ఢామ్మనేదట.

మరి చీలికలకి దోమల జాలీ అంటిస్తే? వద్దన్నాడు. నూనె జిడ్డు, దుమ్ము పట్టి జాలీ మూసుకుపోతుంది, గాలాడక లోపలున్నది కాలిపోతుంది. అందుకే ఇప్పుడు రాత్రి వంటయ్యాక ఫ్యాన్ ఆగేదాకా ఉండి, అప్పుడు స్విచ్ కట్టేసి, చల్లారాక మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెడుతున్నాను. స్టవ్ ఆపగానే ప్లగ్ పీకేసేవాళ్లూ ఉన్నారు. ఆపాక కూడా ఫ్యాన్ తిరిగేది లోపలి వేడి పోవడానికే కదా.

అద్దం తుడిస్తే చాలు, శుభ్రం చేయడం ఎంత తేలికో అని చుట్టాలందరికీ తెగ చెప్పాను. పైభాగం వరకు ఆ మాట నిజమే. సన్నసెగ కూడా బాగుంటుందని చెప్పిన గుర్తు. నిజానికి మా స్టవ్‌లో అది సన్నసెగ కాదు, కాసేపు గట్టిగా వెలిగి కాసేపు ఆగడం. పప్పుచారుకి ఫర్వాలేదు, పాల దగ్గర మాత్రం కదలకుండా నిలబడాల్సిందే. దోసెలకి మేం గ్యాసే వాడతాం. కాయిల్ ఉన్నంత మేరే కాలి, పెనం అంచుల్లో దోసె తెల్లగా ఉండిపోతుంది.

మేం ఇంట్లో ఇద్దరమే. గ్యాస్ ఉండనే ఉంది, సిలిండర్ అయిపోయిన రోజున మాత్రం ఇదే దిక్కు. ఆ లెక్కన పెట్టిన డబ్బు వసూలైనట్టే. కాకపోతే మాది అద్దెకున్న పాత ఇల్లు, వంటింటి గోడ పక్కనే మురుగు కాలువ. బొద్దింకల బెడద లేని ఇంట్లో వాడేవాళ్లకి నా కోపం అతిగా అనిపించొచ్చు. ఐదారుగురున్న ఇంట్లో దీన్నొక్కదాన్నే నమ్ముకోమని మాత్రం చెప్పలేను. ఇది పాడైతే మళ్లీ ఇండక్షనే కొంటానా అంటే, ఈ ఇల్లు మారాక అడగండి.