టికెట్ మూసినంత మాత్రాన బగ్ పోదు: బగ్‌జిల్లా, జిరా వాడకంపై నా సమీక్ష

పెద్ద కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మొదట హైదరాబాద్‌లో, లాక్‌డౌన్ తర్వాత హన్మకొండ నయీంనగర్‌లో మా ఇంటి నుంచే. చేరిన కొత్తలో బగ్‌జిల్లా వాడేవాళ్లం, తర్వాత జిరాకు మారాం. సాఫ్ట్‌వేర్‌లో దొరికిన లోపాలను (బగ్‌లను) రాసుకుని, సరయ్యేదాకా లెక్క చూసుకునే ట్రాకర్లు ఇవి; అందులో రాసిన ఒక్కో ఫిర్యాదును టికెట్ అంటాం. మడికొండలో చిన్న కంపెనీలు పెట్టుకున్న స్నేహితులు, కిట్స్ కాలేజీలోనో కాకతీయ యూనివర్సిటీలోనో చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు "ఏది మంచిదక్కా?" అని అడుగుతుంటారు. రెండూ మంచివే. కానీ టికెట్ రాసిన మనిషిని అడగకుండా దాన్ని మూసే వీలుంటే, ఎంత ఖరీదైన టూల్ పెట్టినా సగం పనే జరుగుతుంది. ఇన్నేళ్ల వాడకంలో నాకు గట్టిగా తెలిసింది ఇదే.

ముందు టూల్స్ సంగతి. బగ్‌జిల్లా 1998లో మొజిల్లా (ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌వాళ్లు) కోసం పుట్టింది. ఉచితం, ఓపెన్ సోర్స్. చూడ్డానికి పాతకాలపు ఫారంలా ఉంటుంది కానీ తేలిగ్గా తెరుచుకుంటుంది, వెతికితే దొరుకుతుంది. జిరా 2002లో ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్ తెచ్చింది. గాడ్జిల్లాకు జపాన్ పేరు గోజిరా, అందులోంచి వచ్చిందే జిరా. ఆ కంపెనీవాళ్లు అంతకుముందు వాడింది బగ్‌జిల్లానే. జిరాలో బోర్డులు, రిపోర్టులు, ఎవరికి కావాల్సినట్టు వాళ్లు మార్చుకునే వర్క్‌ఫ్లో (టికెట్ ఏ దశ నుంచి ఏ దశకు వెళ్లాలో చెప్పే దారి), అన్నీ ఉన్నాయి. సొంత సర్వర్‌లో పెట్టుకునే జిరా సర్వర్‌కు 2024 ఫిబ్రవరి 15తో సపోర్ట్ ఆగిపోయింది, కాబట్టి ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టే చిన్న కంపెనీ, అట్లాసియన్ తన సర్వర్లలోనే నడిపే జిరా క్లౌడ్‌కే వెళ్లాలి.

ఇక అసలు విషయం. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టు విదేశీ బీమా క్లెయిములది. అక్కడి సపోర్ట్ డెస్క్ నుంచి ఒక టికెట్ వచ్చింది: అప్పుడప్పుడు తేదీలు తప్పు పడుతున్నాయి, క్లెయిములు తిరస్కరణకు గురవుతున్నాయి. అంతకుమించి వివరం లేదు. డెవలపర్ నెలాఖరులో టికెట్ తెరిచి, ఆ రోజు తేదీ వేసి చూశాడు. సరిగ్గానే సేవ్ అయింది. ‘కెనాట్ రీప్రొడ్యూస్’ (చేసి చూస్తే తప్పు రాలేదు) అని పెట్టి మూసేశాడు. రాసినవాళ్లకు ఒక మెయిల్ వెళ్లింది, అంతే.

మళ్లీ నెల మొదట్లో అదే ఫిర్యాదు. ఈసారి తిరస్కరణకు గురైన క్లెయిములన్నీ ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఒక్కదాంట్లోనూ 12 దాటిన తేదీ లేదు. జులై 5న ఆస్పత్రిలో చేరిన మనిషికి 05/07 అని టైపు చేస్తే, సిస్టమ్ ముందున్న అంకెను నెల అనుకుని మే 7గా రాసుకుంటోంది. ఆయన పాలసీ మొదలైంది జూన్‌లో. కాబట్టి పాలసీ లేని రోజుల్లో ఆస్పత్రిలో చేరినట్టు లెక్క తేలి క్లెయిమ్ పోతోంది. అదే జులై 20 అయితే, ఇరవయ్యో నెల లేదు కాబట్టి కోడ్ రెండో పద్ధతికి మారి సరిగ్గా చదువుకుంటుంది. 07/07 ఎటు చదివినా ఒకటే, దానికీ ఏం కాలేదు. తెర మీద ఎర్రర్ రాదు, సిస్టమ్ తన పని రాసుకునే లాగ్‌లో ఏమీ ఉండదు. నెలాఖరులో పరీక్షించినవాళ్లకు ఈ బగ్ ఎప్పటికీ దొరకదు.

కారణం తెలిశాక పని అయిపోతుందనుకుంటాం. పెద్ద కంపెనీలో అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. తెర రాసిన టీమ్ "మేం టైపు చేసింది చేసినట్టే పంపుతున్నాం" అంది. వెనక ఆ తేదీని అందుకునే సర్వీసు రాసినవాళ్లు "మాకు ఒప్పుకున్న ఫార్మాట్ ఇదే" అన్నారు. రెండూ నిజమే. మధ్యలో ఉన్న అతుకు ఎవరిదీ కాదు. టికెట్ ఒక టీమ్ నుంచి ఇంకో టీమ్‌కు తిరుగుతూనే ఉంది, స్టేటస్ మాత్రం ‘ఇన్ ప్రోగ్రెస్’. ఆ తర్వాత ఇది బగ్గా, సీఆరా (చేంజ్ రిక్వెస్ట్, అంటే కొత్తగా అడిగిన మార్పా) అనే పంచాయితీ. సర్వీసు కంపెనీల్లో పనిచేసినవాళ్లకు ఇది బాగా తెలుసు. బగ్ అయితే మామూలుగా మన ఖర్చుతో మనమే సరిచేయాలి, చేంజ్ రిక్వెస్ట్ అయితే క్లయింట్ డబ్బు కట్టాలి. ఆ మాట తేలేదాకా కోడ్ ముట్టుకునేవాళ్లు ఉండరు. చివరికి ఫిక్స్ తయారయ్యే సరికి డిసెంబరు ఫ్రీజ్ (కొత్త కోడ్ పెట్టనివ్వని రోజులు) వచ్చింది. తేదీ టైపు చేయకండి, క్యాలెండర్‌లోంచి ఎంచుకోండి అని సపోర్ట్ డెస్క్‌కు చెప్పి, జనవరి దాకా నెట్టుకొచ్చాం.

అప్పుడు నన్ను ఆదుకుంది జిరాలో హిస్టరీ ట్యాబ్. ఏ రోజు, ఎవరు, ఏ గడిని దేని నుంచి దేనికి మార్చారో మొత్తం అందులో ఉంటుంది. ఇదే తేదీ సమస్య మీద వేరే వేరే టీమ్‌లకు వేరే వేరే మాటలతో వచ్చిన టికెట్లను వెతికి, ఒకదానికొకటి లింక్ చేశాను. ఆ లింకులు చూశాకే మేనేజర్ల కాల్‌లో "ఇది ఒకరిద్దరి సమస్య కాదు" అన్న మాట నిలబడింది. ట్రాకర్ విలువ నా దృష్టిలో ఈ జ్ఞాపకంలోనే ఉంది. ఎన్ని మూశారో లెక్కలు చూపించే రంగురంగుల డాష్‌బోర్డులు నాకెప్పుడూ పనికి రాలేదు.

డాష్‌బోర్డులు పెట్టిన చోట ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఎవరు ఎన్ని మూశారని లెక్కపెడితే, మూయడమే పనిగా మారుతుంది. టికెట్‌ను ‘వెయిటింగ్ ఫర్ కస్టమర్’లోకి తోస్తే ఎస్‌ఎల్‌ఏ (ఇంతలోపు తేలుస్తామని క్లయింట్‌కు ఇచ్చిన గడువు) గడియారం ఆగేలా పెట్టుకున్న కంపెనీలున్నాయి. అలాంటి చోట సాయంత్రం ఆరింటికి ఒక చిన్న ప్రశ్న రాసి అందులోకి తోసేస్తారు. కొన్నాళ్లు కదలిక లేని టికెట్లను దానంతట అదే మూసేసే ఆటోమేషన్ పెట్టేవాళ్లూ ఉన్నారు. ఇది నాకు అసలు నచ్చదు. టూల్‌టిప్ (మౌస్ పెడితే కనిపించే చిన్న వివరణ) మనం వేరే విండోకు మారినా పోకుండా తెర మీదే ఉండిపోయే ఒక ఫైర్‌ఫాక్స్ బగ్‌ను మొజిల్లా బగ్‌జిల్లాలో 2002లో రాశారు, 2023లో సరిచేశారు. అన్నేళ్లూ ఆ టికెట్ ఉండబట్టే ఎవరో ఒకరు వచ్చి పట్టుకోగలిగారు. పాత బగ్ తెరిచి ఉండటం సిగ్గుపడాల్సిన విషయమేం కాదు.

రాసినవాళ్లకు తెలియకుండా లోపల మూసేసుకుంటే ఎంత దూరం పోతుందో బ్రిటన్ పోస్టాఫీసుల హొరైజన్ వ్యవహారం చూపించింది. 1999లో వచ్చిన ఆ లెక్కల సాఫ్ట్‌వేర్ ఫుజిత్సుది. అది లేని లోటు చూపిస్తే, చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్లే డబ్బు తిన్నారని కేసులు పెట్టారు. 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. జైలుకెళ్లినవాళ్లున్నారు, ఉన్నదంతా అమ్ముకుని కట్టినవాళ్లున్నారు. ఫుజిత్సు లోపల మాత్రం ‘నోన్ ఎర్రర్ లాగ్’ పేరుతో తెలిసిన లోపాల చిట్టా ఉండేది. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే "ఈ సమస్య మీ ఒక్కరికే" అన్నారని చాలామంది తర్వాత చెప్పారు. బగ్‌లు ఉన్న మాట నిజమేనని 2019 డిసెంబరులో లండన్ హైకోర్టు తేల్చింది. 2024లో పార్లమెంటు చట్టం చేసి శిక్షలు రద్దు చేసింది. ఈ కేసు గురించి చదివినప్పటి నుంచి ‘యూజర్ ఎర్రర్’ అన్న రెండు మాటలతో టికెట్ మూస్తే నేను ఊరుకోను. ఏం చూసి ఆ నిర్ణయానికి వచ్చారో రాయమంటాను.

అసలు ట్రాకర్‌లోకే ఎక్కని హెచ్చరికలు ఇంకో రకం ముప్పు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల కంపెనీ 45 నిమిషాల్లో దాదాపు 46 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ వెళ్లలేదు. మార్కెట్ తెరవకముందే ఆ లోపాన్ని సూచిస్తూ సిస్టమ్ నుంచి 97 మెయిళ్లు వచ్చాయి, ఎవరూ పట్టించుకోలేదు. అందరికీ వెళ్లే మెయిల్ ఎవరికీ రానట్టే. టికెట్‌కైతే అసైనీ అని ఒక మనిషి పేరుంటుంది.

మా దగ్గర టికెట్ ఎంత బాగా రాశామన్నది బతుకమ్మ రోజుల్లో తెలుస్తుంది. సద్దుల (చివరి) రోజు నేను హన్మకొండ పద్మాక్షి గుండం దగ్గర ఉంటాను, క్లయింట్‌కు అది మామూలు పనిదినం. నా బదులు చూసే పుణె అమ్మాయికి నేను ఫోన్‌లో దొరకను. అందుకే సెలవుకు ముందు ప్రతి టికెట్‌లో ఇప్పటిదాకా ఏం చూశాం, ఏది కాదని తేలింది, తర్వాత ఎవరిని అడగాలి అని రాసి వెళ్తాను. ‘ఏది కాదని తేలింది’ అన్నది చాలామంది రాయరు. తర్వాత వచ్చే మనిషికి సగం రోజు మిగిల్చేది అదే.

బగ్‌జిల్లాలో నాకు ఇప్పటికీ నచ్చేది, ‘రిజాల్వ్‌డ్’ వేరు, ‘వెరిఫైడ్’ వేరు అని మొదటి నుంచీ ఉండటం. సరిచేశామని ఒకరు చెప్తారు, అవునని ఇంకొకరు చూసి చెప్తారు. జిరాలోనూ ఇది పెట్టుకోవచ్చు. వర్క్‌ఫ్లోలో ‘రిజాల్వ్‌డ్’ నుంచి ‘క్లోజ్‌డ్’కు వెళ్లే దారి మీద, రిపోర్టర్ (టికెట్ రాసిన మనిషి) మాత్రమే కదిలించగలిగేలా ఒక కండిషన్ ఉంది. మా టీమ్‌లో పట్టుబట్టి పెట్టించాను. రాసినవాళ్లు ఉద్యోగం మారితే టికెట్ ఇరుక్కుపోకుండా టెస్ట్ లీడ్‌కు కూడా ఆ హక్కు ఇచ్చాం. మూసిన టికెట్ల సంఖ్య తగ్గిందని మొదట్లో పైనుంచి గట్టిగానే అడిగారు. మూసినవి మళ్లీ తెరవాల్సి రావడం బాగా తగ్గింది, అదే చూపించాం.

పది మంది లోపు ఉన్న టీమ్‌కు జిరా క్లౌడ్ ఉచితమే, దానితో మొదలుపెట్టండి. సర్వర్ చూసుకునే మనిషి ఉండి, డేటా మీ దగ్గరే ఉండాలనుకుంటే బగ్‌జిల్లా ఇప్పటికీ సరిపోతుంది. ఏది పెట్టినా తప్పనిసరి గడులు ఐదారుకు మించనివ్వకండి. నేను చూసిన ఒక కంపెనీలో తెర నిండా నింపి తీరాల్సిన ఎర్ర చుక్కల గడులు ఉండేవి. అన్నీ నింపలేక సపోర్ట్‌వాళ్లు బగ్‌లు వాట్సాప్‌లో పంపేవాళ్లు.