పెద్దయ్యాక పళ్ళకి క్లిప్పులా, అలైనర్లా? ఏది మేలు?

నలభై దాటాక పళ్ళకి క్లిప్పులు వేయించుకున్నాను. బ్యాంకులో కౌంటర్ ఉద్యోగం కాబట్టి నోరు దాచుకునే వీలు లేదు. పద్నాలుగు నెలల నుంచి నన్ను చూసినవాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు. "ఈ వయసులో ఇప్పుడెందుకండీ?" అనేది మొదటిది. కాసేపాగి, గొంతు తగ్గించి, "నాకూ చేయించుకోవాలనుంది, ఈ క్లిప్పులు మంచివా, ఆ కనపడని ట్రేలు మంచివా?" అనేది రెండోది. మొదటిదానికి జవాబు చిన్నది. పదిహేనేళ్ళ వయసులో మా నాన్న దగ్గర డబ్బుల్లేవు, ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి. రెండోదానికి మాత్రం నిలబడి చెప్పేంత చిన్న జవాబు లేదు.

మెటల్ క్లిప్పులు, పంటి రంగులో కలిసిపోయే సిరామిక్ క్లిప్పులు, అలైనర్లు (పళ్ళకి తొడిగి తీసుకునే ఆ కనపడని ప్లాస్టిక్ ట్రేలు) అంటే ఏమిటో అడిగేవాళ్ళందరికీ తెలుసు. ధరలూ కనుక్కునే వస్తారు. నేను గుంటూరు, విజయవాడల్లో కలిపి మూడు చోట్ల అడిగాను. మెటల్ 40 వేలు, సిరామిక్ 55 వేలు, అలైనర్లు లక్షా 60 వేల నుంచి మొదలు. క్లిప్పుల డబ్బు నెలనెలా కొంత కొంత కట్టొచ్చు, అలైనర్లకి చాలాచోట్ల ముందే పెద్ద మొత్తం అడిగారు. ఆ తేడా చిన్నదేం కాదు. కానీ డబ్బు సర్దుకోగలిగినా నేను అలైనర్ల వైపు వెళ్ళేదాన్ని కాదని ఇప్పుడు అనిపిస్తోంది. దానికి కారణం టీ.

అలైనర్ రోజుకి 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాలి. తినేటప్పుడు తీయాలి, తాగేటప్పుడు తీయాలి. పెట్టుకుని తాగొచ్చు అనదగ్గది మంచినీళ్ళొక్కటే. వేడి టీ తగిలితే ప్లాస్టిక్ వంకర పోతుంది, అందులోని చక్కెర ట్రేకీ పంటికీ మధ్య ఇరుక్కుని పళ్ళు పుచ్చుతాయి. అంటే 22 గంటల లెక్కన మన చేతిలో ఉండేది 120 నిమిషాలు. మా డాక్టరమ్మ ధరలు చెప్పకముందే ఒక పని చెప్పింది. "మేడం, ఒక వారం రోజులు నోట్లో ఏం పెట్టుకున్నా టైము రాసుకుని రండి, అప్పుడు మాట్లాడుకుందాం" అంది. బ్యాంకు డైరీలో రాసుకున్నాను. అందులో ఒక మంగళవారం ఇలా ఉంది.

పొద్దున 5.40కి కాఫీ, కూరగాయలు తరుగుతూ, 10 నిమిషాలు. 8.15కి ఇడ్లీ, 15 నిమిషాలు. 11కి టీ, 15 నిమిషాలు. మధ్యాహ్నం 1.40కి క్యారేజీ, అరగంట. 3.45కి లోన్ శాంక్షన్ అయిన ఆయన పూతరేకులు తెచ్చాడు, వద్దంటే బాగుండదు, 5 నిమిషాలు. 4.30కి మళ్ళీ టీ, 15 నిమిషాలు. రాత్రి 7.30కి పిల్లలతో జంతికలు, 15 నిమిషాలు. 9.15కి భోజనం, అరగంట. పడుకోబోయే ముందు పాలు, 10 నిమిషాలు. మొత్తం తొమ్మిది సార్లు, 145 నిమిషాలు. తిన్న ప్రతిసారీ నోరు కడుక్కుని, వీలైతే బ్రష్ చేసి, ట్రే కడిగి పెట్టుకోవడానికి 5 నిమిషాల చొప్పున ఇంకో 45. అంతా కలిపి మూడు గంటల పది నిమిషాలు. కూరలో ఉప్పు చూడటం నేను లెక్కలో వేయలేదు.

మూడు గంటలైతే కొంపలేం మునిగిపోవు కదా అనుకున్నాను. ఒక్కరోజుకి మునగవు. కానీ ట్రే ఒక్కొక్కటీ పంటిని దాదాపు 0.25 మిల్లీమీటర్లు మాత్రమే జరిపేలా తయారవుతుంది. వారానికో, రెండు వారాలకో ఒకటి మార్చాలి. ముందు ట్రే పని పూర్తికాకుండా తరవాతది పెడితే అది పంటికి సరిగ్గా కూర్చోదు, అంచున సందు కనపడుతుంది. అప్పుడు పాత ట్రేకి వెనక్కి వెళ్ళాలి, లేదా మళ్ళీ స్కాన్ తీసి కొత్త ట్రేలు చేయించాలి. ఏడాదిలో అయిపోతుందన్నది ఏడాదిన్నర దాటేది ఇలాగే. క్లిప్పులని కలుపుతూ వెళ్ళే తీగ అలా కాదు. నేను పకోడీ తింటున్నా, నిద్రపోతున్నా, డాక్టర్ని తిట్టుకుంటున్నా దాని పని అది చేసుకుపోతుంది. మన క్రమశిక్షణతో దానికి పని లేదు. రోజూ పొద్దున్నే నడకకి వెళ్తానని మూడు జతల బూట్లు కొన్నదాన్ని నేను. నా సంగతి నాకు తెలియదా?

అలైనర్లు దండగ అని మాత్రం అనను. మా తమ్ముడు బెంగళూరులో అవే వేయించుకున్నాడు, తొమ్మిది నెలల్లో పూర్తయింది. వాడికున్నది ముందు పళ్ళ మధ్య కొద్దిపాటి సందులు. టీ కాఫీలు తాగడు, గడియారం చూసుకుని రెండుపూటలే తింటాడు. అలాంటివాళ్ళకి అలైనరే సుఖం. తీసేసి మామూలుగా బ్రష్ చేసుకోవచ్చు, దారంతో సందులు శుభ్రం చేసుకోవచ్చు. చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళకి ఇది చాలా పెద్ద లాభం. తీగ గుచ్చుకుని ఆదివారం రాత్రి డాక్టర్ కోసం వెతుక్కునే బాధ ఉండదు. నెలనెలా క్లినిక్‌కి వెళ్ళలేనివాళ్ళకి, ఊళ్ళు తిరిగే ఉద్యోగాలవాళ్ళకి అనుకూలం.

అయితే "కనపడదు" అన్న మాటని సగమే నమ్మండి. ట్రేకి పట్టు దొరకడానికి చాలామందికి పళ్ళ మీద పంటి రంగు సిమెంటుతో చిన్న చిన్న బొడిపెలు అతికిస్తారు. దూరానికి తెలియవు, దగ్గరకి వస్తే తెలుస్తాయి. ఇంకో మాట, తెనాలిలో ఒక పెళ్ళిలో మా తమ్ముడు ట్రే తీసి టిష్యూలో చుట్టి విస్తరి పక్కన పెట్టాడు. పక్కాయనతో మాటల్లో పడి చేతులు కడుక్కోవడానికి లేచాడు. తిరిగొచ్చేసరికి బల్ల మీద కొత్త కాగితం పరిచి, తరవాతి బంతికి విస్తళ్ళు వేసేశారు. ట్రే మార్చడానికి ఇంకా రెండు రోజులే ఉంది కాబట్టి డాక్టర్ తరవాతది పెట్టుకోమన్నారు, బతికిపోయాడు. డబ్బా జేబులో లేకుండా అలైనర్‌వాళ్ళు గడప దాటకూడదు.

ఏ పన్ను ఎటు జరగాలన్నది కూడా చూడాలి. నాకు పైన ఎడమవైపు పన్ను మీద పన్ను. మా అమ్మమ్మ అదృష్టం అనేది. ఆ కోరపన్ను చిగురు పైనుంచి కిందికి దిగాలి, కొంచెం తిరగాలి కూడా. పంటిని కిందికి లాగడం, గుండ్రంగా ఉండే కోరపళ్ళనీ వాటి పక్క పళ్ళనీ తిప్పడం ప్లాస్టిక్ ట్రేకి కష్టమైన పనులు, పట్టు జారిపోతుంది. చోటు కోసం రెండు పళ్ళు పీకాల్సివచ్చింది. పీకిన సందు మూసేటప్పుడు పళ్ళు పక్కకి ఒరిగిపోకుండా వేరుతో సహా జరపాలి, అక్కడా తీగదే పైచేయి. అలైనర్లతో ఇవి చేయలేరని కాదు, చేసేవాళ్ళున్నారు. కానీ "మళ్ళీ కొత్త సెట్ చేయించాల్సి రావచ్చు" అని ముందే చెప్పని డాక్టర్ దగ్గర నేనైతే చేయించుకోను.

ఇక మెటల్ కావాలా, సిరామిక్ కావాలా? దీని గురించి పెద్దవాళ్ళు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. నేను పైన సిరామిక్, కింద మెటల్ వేయించుకున్నాను. మాట్లాడేటప్పుడు నాకు పై పళ్ళే ఎక్కువ కనపడతాయి. పైగా సిరామిక్ గట్టిది, కింద పళ్ళకి పెడితే కొరికేటప్పుడు పై పళ్ళు దానికి రాసుకుని అరిగే ప్రమాదం ఉంది. ఈ పైన-కింద పద్ధతి చాలామంది డాక్టర్లు తామే చెబుతారు.

సిరామిక్ క్లిప్పు రంగు మారదు. మారేది దాని చుట్టూ వేసే చిన్న రబ్బరు రింగు, మాడ్యూల్ అంటారు. మన వంటల్లో పసుపు లేనిదేది? మొదటిసారి తెల్లటివి వేయించుకుని, మర్నాడు శ్రావణ శుక్రవారం పులిహోర తిన్నాను. సాయంత్రానికి అద్దంలో చూసుకుంటే ఆరు పళ్ళ మీద ఆరు పసుపు చుక్కలు. బ్రష్‌తో ఎంత తోమినా పోలేదు. వాటిని నెలకోసారి తీగ బిగించేటప్పుడే మారుస్తారు, అప్పటిదాకా అంతే. రెండోసారి నుంచి లేత బూడిదరంగువి అడిగి వేయించుకుంటున్నాను, వాటి మీద పసుపు అంతగా తెలియదు. ఫంక్షన్ ఏదైనా ఉంటే దానికి ఒకటి రెండు రోజుల ముందుకి అపాయింట్‌మెంట్ జరుపుకోండి. 15 వేలు ఎక్కువ పెట్టి సిరామిక్ తీసుకుని నెలలో ఇరవై ఎనిమిది రోజులు పసుపు రింగులతో తిరిగేకన్నా మెటలే నయం అని మా కొలీగ్ ఒకావిడ తేల్చుకుంది. ఆమె మాట తీసిపారేయలేను.

క్లిప్పులతో ఉన్న కష్టాలు దాచను. మొదటి వారం పెరుగన్నం, ఉప్మా తప్ప ఏదీ మింగుడుపడలేదు. బుగ్గ లోపల పుండ్లకి మైనం ముద్ద పెట్టుకుని కౌంటర్‌లో కూర్చున్నాను. తిరగమోతలో ఆవగింజ తీగ కింద ఇరుక్కుంటే దాన్ని తీయడానికి ఒక టెక్నిక్ ఉందని నాకు ఇప్పుడే తెలిసింది: సన్నటి సీసా బ్రష్‌లాంటి ఇంటర్‌డెంటల్ బ్రష్, కింది నుంచి పైకి. పెన్షన్ కోసం వచ్చిన ఒక పెద్దాయన "అమ్మా, పళ్ళలో కరివేపాకుంది" అని ఎంతో మర్యాదగా చెప్పాడు, నాకు సిగ్గు ఆ రోజుతో పోయింది. పల్లీపట్టీ, చెరుకు, ఆవకాయ టెంక చీకడం, మొక్కజొన్న పొత్తు కొరకడం బంద్. జంతికలు తుంచుకుని పక్క పళ్ళతో మెల్లగా తింటున్నాను. రెండుసార్లు క్లిప్పు ఊడింది, రెండుసార్లూ తప్పు నాదే.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. పళ్ళ వెనక వేసే లింగ్వల్ క్లిప్పులు బయటికి అసలు కనపడవు, కానీ నాలుక కోసుకుపోతుంది, ఖరీదెక్కువ, చేసేవాళ్ళు తక్కువ. సెల్ఫ్ లైగేటింగ్ అని, రబ్బరు రింగు లేకుండా తీగని క్లిప్పే పట్టుకునే ఇంకో రకం ఉంది, దాంతో త్వరగా అయిపోతుందని చెబుతారుగానీ పరిశోధనల్లో ఆ తేడా తేలలేదు. డాక్టర్ ముఖం చూడకుండా పోస్టులో ట్రేలు తెప్పించుకునే పద్ధతి జోలికి పోవద్దు. అమెరికాలో అలా అమ్మిన స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబరులో మూతపడితే, మధ్యలో ఉన్నవాళ్ళకి దిక్కు లేకుండా పోయింది. పళ్ళు అరగదీసి క్యాపులు వేస్తే వారంలో పని అయిపోతుందనేవాళ్ళూ ఉన్నారు. మంచి పన్ను ఒకసారి అరిగితే మళ్ళీ రాదు.

పెద్దవాళ్ళకే వచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి, ఇవి ఏ రకం ఎంచుకున్నా ఒకటే. చిగుళ్ళలోంచి రక్తం వస్తుంటే ముందు దానికి వైద్యం కావాలి, జబ్బు ఉండగా పళ్ళు జరిపితే ఉన్న ఎముక కూడా పోతుంది. క్యాపు ఉన్న పంటికి క్లిప్పు సరిగ్గా అతకదు, బ్రిడ్జి (ఊడిన పన్ను చోట పక్క పళ్ళకి కలిపి వేసే క్యాపుల వరస) వేసిన పళ్ళయితే దాన్ని కోస్తేగానీ జరగవు. ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో స్క్రూ బిగించి పెట్టే పన్ను, అసలు జరగదు, అది ఎముకకి అతుక్కుపోయి ఉంటుంది. కాబట్టి పన్ను లేనిచోట ఇంప్లాంట్ వేయించుకునే ఆలోచన ఉంటే, క్లిప్పుల డాక్టర్‌ని అడిగాకే వేయించుకోండి. చిన్నపిల్లలకైతే దవడ ఎదుగుదలని కూడా కొంత మళ్ళించగలరు. మనకి ఆ అవకాశం దాటిపోయింది, దవడే ముందుకో వెనక్కో ఉంటే పళ్ళు సర్ది సరిపెట్టుకోవాలి, లేదా ఆపరేషన్.

చేసేవాళ్ళు బీడీఎస్ తరవాత ఆర్థోడాంటిక్స్‌లో, అంటే పళ్ళ వరస సరిచేసే విభాగంలో, మూడేళ్ళ ఎండీఎస్ చేశారో లేదో అడగడానికి మొహమాటపడకండి. ప్రైవేటులో కష్టమైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని గవర్నమెంట్ డెంటల్ కాలేజీకి, విజయవాడ గవర్నమెంట్ డెంటల్ కాలేజీకి వెళ్ళి చూడండి. ఖర్చు బాగా తగ్గుతుంది. సెలవులు, ఓపిక మాత్రం ఎక్కువ కావాలి.

అంతా అయ్యాక, జరిపిన పళ్ళని అక్కడే పట్టి ఉంచే రిటైనర్ ఎలాగూ తప్పదు. లేకపోతే పళ్ళు పాత చోటికి నడుచుకుంటూ వెళ్ళిపోతాయి. తీసి పెట్టుకునేదా, పళ్ళ వెనక సన్నటి తీగలా అతికించేదా అని మా డాక్టరమ్మ మొన్ననే అడిగింది. డైరీ ఇంకా నా బ్యాగులోనే ఉంది. అతికించేదే వేయమన్నాను.