సరళరేఖ సమీకరణం: ‘సి’ కనుక్కోవడమా, బిందువు నుంచి బయల్దేరడమా?

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలు సరళరేఖల చాప్టర్‌కి రాగానే ఏటా నా ట్యూషన్‌లో ఇదే ప్రశ్న. "సార్, రెండు బిందువులిచ్చి వాలు-అంతరఖండ రూపంలో రాయమంటే, వై = ఎమ్ఎక్స్ + సి లో బిందువు పెట్టేసి సి కట్టాలా, లేకపోతే వాలు-బిందు రూపంతో మొదలెట్టి చివర్లో సర్దుకోవాలా?" జవాబు ఒకటే వస్తుంది కదరా, ఏదైతేనేం అని చాలా ఏళ్లు దాటేశాను. ఇప్పుడు అలా అనడం మానేశాను.

ముందు ఒక మామూలు లెక్క. బిందువులు (-2, 7), (4, -5). ఏ దారిలో వెళ్లినా ముందు వాలు (అదే ఎమ్) కట్టాల్సిందే, వై తేడా -12ని ఎక్స్ తేడా 6తో భాగిస్తే -2. మొదటి దారిలో 7 = (-2)(-2) + సి, కాబట్టి సి = 3. రెండో దారిలో, అంటే వై - వై1 = ఎమ్(ఎక్స్ - ఎక్స్1) లో (ఎక్స్1, వై1) చోట మన బిందువు పెడితే, వై - 7 = -2(ఎక్స్ + 2), విప్పితే వై = -2ఎక్స్ + 3. లైన్లు లెక్కపెట్టినా పెద్ద తేడా లేదు. మొదటిదాన్ని ఇష్టపడేవాళ్లు చెప్పే మాట, గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్క సూత్రమే అని. నిజమే. పైగా రెండోదాంట్లో ఎక్స్ - (-2) అన్నచోట మైనస్ మీద మైనస్ పడుతుంది, అక్కడ జారిపోయేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

అయినా నా ఓటు రెండోదానికే, ఎందుకంటే మొదటి దారిలో పిల్లలు చేసే తప్పు ఇంతకంటే పెద్దది. ఇచ్చిన బిందువులోని వై విలువని తీసుకెళ్లి నేరుగా సి చోట పెట్టేస్తారు. సి అంటే ఎక్స్ సున్నా అయినప్పటి వై అని నోటితో అప్పజెబుతారు, చేత్తో మాత్రం మర్చిపోతారు.

పోయిన ఆగస్టులో వరద టైములో బోర్డు మీద ఇదే వేశాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, గోదారి లంకల్లో పుట్టిన పిల్లలకి ఎక్కాలకంటే ముందు ఇవే వస్తాయి. ఉదయం 6 గంటలకి 10.75 అడుగులు, 10 గంటలకి 11.75 ఉందనుకోండి, ఇదే లెక్కన పెరిగితే రెండో హెచ్చరిక ఎన్నింటికి అని అడిగాను. (గోదారి నిజంగా గీత గీసినట్టు పెరగదు, పైనుంచి వచ్చే నీటిని బట్టి ఉంటుంది, అది వేరే సంగతి.) ఎక్స్ అంటే టైము, వై అంటే నీటిమట్టం. వాలు అందరూ కట్టారు, గంటకి 0.25 అడుగులు. తర్వాత సగంమంది వై = 0.25ఎక్స్ + 11.75 అని రాసి కూర్చున్నారు. "ఎనిమిదింటికండి" అంది ముందు వరసలో అమ్మాయి. మొదటిదే పదింటికి కదమ్మా అంటే, "అయితే రెండోది ముందు ఇచ్చేశారాండి?" అన్నాడు వెనక బెంచీవాడు. క్లాసంతా నవ్వు.

ఇక్కడ సి అంటే అర్ధరాత్రి 12కి ఉన్న నీటిమట్టం. లెక్కలో అది ఎవరూ ఇవ్వలేదు. కడితే 9.25 వస్తుంది, వై = 0.25ఎక్స్ + 9.25, ఎక్స్ = 18, అంటే సాయంత్రం 6. తప్పేం లేదు గానీ, ఎవరికీ అక్కర్లేని అర్ధరాత్రి దాకా వెనక్కి వెళ్లి మళ్లీ సాయంత్రానికి రావడం ఎందుకు? పదింటికి 11.75 తెలుసు కదా, అక్కడి నుంచే బయల్దేరండి: వై - 11.75 = 0.25(ఎక్స్ - 10). ఇంకో 2 అడుగులు పెరగాలి, గంటకి పావు అడుగు, 8 గంటలు, పదికి ఎనిమిది కలిపితే సాయంత్రం 6. పెన్ను కూడా అక్కర్లేదు.

సున్నా దగ్గరి విలువ చేతిలో ఉంటే మాత్రం మొదటి దారికి పోటీ లేదు. అంబాజీపేటకి కొబ్బరికాయలు వేసే ట్రాలీ ఆటోవాడు లోడింగ్‌కి 400, కిలోమీటరుకి 20 అన్నాడనుకోండి, వై = 20ఎక్స్ + 400 అని అతనే చెప్పేసినట్టు, ఇంక కట్టడానికి ఏముంది. నేను ముందు చూసేది ఇదొక్కటే: సున్నా దగ్గర ఏముందో లెక్కలో ఇచ్చారా లేదా.

భిన్నాలు వచ్చినప్పుడు కూడా రెండోదే సుఖం. (3, 5), (10, 8) తీసుకోండి. వాలు 3/7. మొదటి దారిలో సి = 5 - 9/7 = 26/7, ఆ తీసివేత దగ్గరే సగం టెన్షన్. రెండో దారిలో 7(వై - 5) = 3(ఎక్స్ - 3), అంటే 3ఎక్స్ - 7వై + 26 = 0. సాధారణ రూపం అడిగితే ఇక్కడితో ఆపెయ్యొచ్చు, వాలు-అంతరఖండ రూపం అడిగితే చివర్లో ఒక్కసారి 7తో భాగిస్తే చాలు.

మిగతా రూపాల గురించి పెద్దగా చెప్పేది లేదు. రెండు బిందువుల రూపం అంటే వాలు-బిందు రూపమే, వాలుని విడిగా కట్టకుండా లోపలే పెట్టారు. అంతరఖండ రూపం రెండు అక్షాల మీద ఖండాలిస్తేనే, మూలబిందువు గుండా పోయే రేఖకి పనికిరాదు. అభిలంబ రూపం (మూలబిందువు నుంచి రేఖకి గీసిన లంబాన్ని బట్టి రాసేది) అడిగితే రాయండి, లేకపోతే వద్దు. ఇంకోటి, యూట్యూబ్‌లో అమెరికావాళ్ల వీడియోలు చూసేవాళ్లకి సి బదులు బి కనిపిస్తుంది, కంగారు పడకండి, రెండూ ఒకటే.

(3, 1), (3, 9) లాంటివి ఇస్తే వాలు కట్టబోయి సున్నాతో భాగహారం దగ్గర ఇరుక్కుంటారు. అది నిలువు రేఖ, ఎక్స్ = 3 అని రాసి పక్కకి జరగండి, దానికి వాలు-అంతరఖండ రూపమే లేదు.

ఏ దారిలో చేసినా, వాడని రెండో బిందువుని చివర్లో సమీకరణంలో పెట్టి చూడండి. పై మొదటి లెక్కలో ఎక్స్ = 4 పెడితే -8 + 3 = -5, సరిపోయింది. ఆ రోజు మావాళ్లు 6 గంటలు పెట్టి చూసుకుని ఉంటే 10.75 రావాల్సిన చోట 13.25 కనిపించేది.