హోల్స్ట్ ‘ద ప్లానెట్స్’ (బౌల్ట్, 1978 రికార్డింగ్): బీజీఎం పిచ్చోళ్లు ఇక్కడ మొదలుపెట్టొచ్చు

పాటల కన్నా బీజీఎం కోసం సినిమా మళ్లీ చూసే బాపతు నేను. 1977 స్టార్ వార్స్‌కి జాన్ విలియమ్స్ ఇచ్చిన సంగీతం ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అది నచ్చితే హోల్స్ట్ అనే ఇంగ్లీష్ కంపోజర్ కూడా నచ్చుతాడని ఎవరో అన్నారు కదా అని పెట్టిన ఆల్బమ్ ఇది, గ్రహాల పేర్లతో ఆర్కెస్ట్రా కోసం ఆయన రాసిన సంగీతం. వాయించింది లండన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా, దాన్ని నడిపించింది (అంటే కండక్టర్) ఏడ్రియన్ బౌల్ట్. 1918లో ఈ సంగీతాన్ని మొట్టమొదట వినిపించినప్పుడు కూడా కండక్టర్ ఆయనే, ఈ రికార్డింగ్ నాటికి ఆయనకి 89 ఏళ్లు!

మొదటిసారి చెడగొట్టుకున్నాను. నేను వాడే యాప్‌లో షఫుల్ ఆన్‌లో ఉండిపోయి ముందు నెప్ట్యూన్ వచ్చింది, అదేమో వినీ వినపడనట్టు ఉంటుంది, ఇయర్‌ఫోన్స్ పోయాయేమో అనుకుని కట్టేశాను.

తర్వాత వరసలో విన్నాను. మొదటిది మార్స్, అంటే మన కుజుడు. వయొలిన్లవాళ్లు కమాను కర్రతో తీగల మీద కొడుతుంటే కింద నుంచి ఒకటే నడక, తకిట తాం తాం తక తాం, అయిదు లెక్కలు, అదే మళ్లీ మళ్లీ. రెండు నిమిషాలు తిరిగేసరికి నా కాలు దానంతటదే తాళం వేస్తోంది. యుద్ధం సీన్లకి ఇలాంటి మ్యూజిక్ ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడర్థమైంది, ఇది రాసింది 1914లో మరి. బౌల్ట్ దీన్ని పరిగెత్తించడు, నిదానంగా, బరువుగా తీసుకెళ్తాడు. స్పీడు కావాలనుకునేవాళ్లకి ఇది కాస్త నీరసంగా అనిపించొచ్చు, నాకైతే ఆ బరువే భయం పుట్టించింది.

ఇక్కడున్నది ఖగోళ శాస్త్రం కాదు, జాతకం. హోల్స్ట్‌కి జ్యోతిషం మీద ఆసక్తి, అందుకే ఒక్కో గ్రహానికి ఒక్కో స్వభావం, ఏడు భాగాలు, భూమి లేదు. శుక్రుడు, బుధుడు బానే ఉన్నాయి. జూపిటర్ మధ్యలో వచ్చే పెద్ద ట్యూన్ అందరికీ నచ్చుతుంది, నాకూ నచ్చింది.

అసలైనది మాత్రం శని. పేరు వింటేనే మనకి టెన్షన్ గానీ, హోల్స్ట్ శని తెచ్చేది ముసలితనం. ఫ్లూట్లు, హార్ప్‌లు గడియారంలా రెండే కార్డ్స్ (ఒకేసారి పలికే స్వరాల గుత్తులు) అటూ ఇటూ ఊపుతుంటాయి, కింద డబుల్ బాస్‌లు నీరసంగా ఏదో గొణుగుతాయి. సినిమాలో అయితే ఇక్కడ ఎవరి మొహమో చూపించి ఏం అనుకోవాలో చెప్పేస్తారు. ఇక్కడ బొమ్మ లేదు, డైలాగ్ లేదు, అంత సేపు ఏం జరుగుతుందో తెలియకుండా కూర్చోవడం మొదట్లో నాకు చేతకాలేదు, మూడోసారి విన్నప్పుడు ఆర్కెస్ట్రాలో గంటలన్నీ ఒక్కసారి మోగి తర్వాత మెల్లగా శాంతించే చోట ఒళ్లు జలదరించింది. అప్పటి నుంచి మార్స్ కన్నా దీన్నే ఎక్కువ వింటున్నాను.

మొత్తం సుమారు 50 నిమిషాలు. బస్సులో వినకండి, సగం వినపడదు. నెప్ట్యూన్ చివర్లో ఆడవాళ్ల కోరస్ ఉంటుంది, మాటల్లేవు. కచేరీలో వాళ్లని పక్క గదిలో ఉంచి, మెల్లగా తలుపు మూసేస్తూ ఆ గొంతులు మాయమయ్యేలా చేయాలని హోల్స్ట్ రాసిపెట్టాడు. ఇంకా వినపడుతోందా లేదా అని వాల్యూమ్ పెంచుకుంటూ పోతే మాత్రం ఆటోప్లే ఆపుకోండి, లేకపోతే తర్వాతి ట్రాక్ వచ్చినప్పుడు గుండె ఆగినంత పనవుతుంది. నాకయింది.