అపోజిటివా, ‘హూ’ క్లాజా, రెండు వాక్యాలా? ఇంగ్లిష్ రాసేటప్పుడు ఏది మేలు?

ఇంగ్లిష్‌లో ఒక మనిషి గురించి రాస్తూ, ఆయన ఎవరో కూడా చెప్పాల్సి వస్తే మూడు పద్ధతులున్నాయి. మన నెల్లూరు తిక్కననే తీసుకుందాం.

“తిక్కన వాజ్ ఎ పోయెట్ ఆఫ్ నెల్లూర్. హి ట్రాన్స్‌లేటెడ్ ఫిఫ్టీన్ పర్వాస్ ఆఫ్ ది మహాభారత.”

“తిక్కన, హూ వాజ్ ఎ పోయెట్ ఆఫ్ నెల్లూర్, ట్రాన్స్‌లేటెడ్ ఫిఫ్టీన్ పర్వాస్ ఆఫ్ ది మహాభారత.”

“తిక్కన, ఎ పోయెట్ ఆఫ్ నెల్లూర్, ట్రాన్స్‌లేటెడ్ ఫిఫ్టీన్ పర్వాస్ ఆఫ్ ది మహాభారత.”

మూడింటిలోనూ గ్రామర్ తప్పు లేదు. మూడోదాన్లో రెండు కామాల మధ్య ఉన్న ‘ఎ పోయెట్ ఆఫ్ నెల్లూర్’ని అపోజిటివ్ అంటారు. ఒక నౌన్ పక్కనే నిలబడి, అదే మనిషిని లేదా అదే వస్తువును ఇంకో రకంగా చెప్పే నౌన్ అన్నమాట. దానికి సొంత వెర్బ్ ఉండదు.

కావలిలోనైనా ఒంగోలులోనైనా తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల వ్యాసాలు చూస్తే మొదటి పద్ధతే ఎక్కువ కనబడుతుంది. అందులో తప్పు దొర్లే అవకాశం తక్కువ, ఆ మాట నిజమే. కానీ ‘హి వాజ్’, ‘హి వాజ్’ అంటూ పేజీ అంతా సాగితే ఏది ముఖ్యమో, ఏది పక్కన చెప్పిన సంగతో చదివేవాళ్లకు తెలియదు. తిక్కన నెల్లూరు కవి అన్నదీ, పదిహేను పర్వాలు తెనిగించాడన్నదీ ఒకే బరువుతో కూర్చుంటాయి. అపోజిటివ్ వాడితే పరిచయం పక్కకు తప్పుకుని అసలు పని ముందుకొస్తుంది. అందుకే మనిషి ఎవరో, ఊరు ఏదో చెప్పడం వరకే అయితే నా ఓటు అపోజిటివ్‌కే.

‘హూ’ ఎప్పుడు కావాలి? దాని తర్వాత ‘ఈజ్’ లేదా ‘వాజ్’ వచ్చి, ఆ వెంటనే నౌన్ ఉంటే ఆ రెండు మాటలూ కొట్టేయండి. అర్థం చెక్కుచెదరదు, వాక్యం చిన్నదవుతుంది. అలా కాకుండా అక్కడ ఒక పని జరుగుతుంటే ‘హూ’ ఉండాల్సిందే. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌ను వ్యతిరేకించిన రోజున ప్రకాశం పంతులు తుపాకులకు గుండె చూపించిన సంగతి అందరికీ తెలుసు. “ప్రకాశం, హూ బేర్డ్ హిజ్ చెస్ట్ టు ది గన్స్ ఇన్ 1928, బికేమ్ ది ఫస్ట్ చీఫ్ మినిస్టర్ ఆఫ్ ఆంధ్ర స్టేట్.” ఇక్కడున్నది బిరుదో ఉద్యోగమో కాదు, ఆయన చేసిన పని. దాన్ని బలవంతాన నౌన్‌గా మార్చి కామాల మధ్య ఇరికిస్తే వాక్యంలో జీవం పోతుంది.

రెండు వాక్యాలే నయమనిపించే చోటూ ఉంది. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్న మనం ఆ సంగతి రాసేటప్పుడు దీక్షను కామాల మధ్య పక్కమాటగా చెప్పకూడదు. అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టి, దీక్షకు విడిగా ఒక వాక్యం ఇవ్వాలి. పక్కన పెట్టదగిన సమాచారానికే అపోజిటివ్.

ఇక అసలు తకరారు కామాతో వస్తుంది. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

“ది పోయెట్ తిక్కన” అని కామా లేకుండా రాస్తే, కవులు చాలామంది ఉన్నారు, వాళ్లలో తిక్కన అనే కవి అని అర్థం. “ది పోయెట్, తిక్కన,” అని కామాలు పెడితే, మనం మాట్లాడుకుంటున్న కవి ఒక్కడే, ఆయన పేరు తిక్కన అని అర్థం. ముందు వాక్యాల్లో ఒకే కవి గురించి చెబుతూ వచ్చి ఉంటే కామాలు సరే. ఏ సందర్భమూ లేకుండా వ్యాసం మొదట్లోనే అలా రాస్తే నన్నయ, ఎర్రన లెక్కలో లేకుండా పోతారు. ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉండి అరణ్యపర్వ శేషం పూర్తి చేసిన ఎర్రనను ఒక్క కామా పక్కకు నెట్టేస్తుంది.

ఇదే సంగతి ఇంటి మనుషుల దగ్గర ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. అమెరికా సంబంధం కోసం ఇంగ్లిష్‌లో బయోడేటా రాస్తున్నారనుకోండి. “అవర్ సన్, కిరణ్, వర్క్స్ ఇన్ చెన్నై” అంటే కొడుకు ఒక్కడే. “అవర్ సన్ కిరణ్” అంటే ఇంకో కొడుకు కూడా ఉండవచ్చని చదివేవాళ్లు అనుకునే వీలుంది. పేరు ఒక్క మాటే అయినప్పుడు, దగ్గరి బంధుత్వం దగ్గర కామాలు వదిలేయడం ఇంగ్లిష్ బాగా రాసేవాళ్లలోనూ ఉంది, దాన్ని పెద్ద తప్పనలేం. కానీ అక్కర్లేని చోట కామా పెట్టడం అలా కాదు. ఇద్దరు కొడుకులుండి “అవర్ సన్, కిరణ్,” అని రాస్తే అది అబద్ధమే అవుతుంది.

రెండో కామా మర్చిపోవడం ఇంకో జబ్బు. “ప్రకాశం, ది ఫస్ట్ చీఫ్ మినిస్టర్ ఆఫ్ ఆంధ్ర స్టేట్ వాజ్ బార్న్ ఇన్ వినోదరాయునిపాలెం” అని రాస్తారు. ‘స్టేట్’ తర్వాత కామా పడాలి. వాక్యం మధ్యలో వచ్చే ఇలాంటి అపోజిటివ్‌కు కామాలు జంటగా ఉండాలి. ఒకటి పెట్టి ఇంకోటి వదిలేయడం కుదరదు.

తెలుగులో మనం వివరమంతా ముందు చెప్పి పేరు చివర పెడతాం: ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు. చెవికి అదే అలవాటు కాబట్టి ఇంగ్లిష్‌లోనూ “ఆంధ్ర స్టేట్ ఫస్ట్ చీఫ్ మినిస్టర్ ప్రకాశం” అని వచ్చేస్తుంది. పదవి పేరు చిన్నదైతే ముందు పెట్టడంలో ఇబ్బంది లేదు, “చీఫ్ మినిస్టర్ ప్రకాశం” చక్కగా ఉంటుంది, కామా కూడా అక్కర్లేదు. వివరం పొడుగైతే మాత్రం పేరు ముందు, వివరం తర్వాత, ‘ది’ మర్చిపోకుండా.

ఆ వివరాన్ని పేరుకు ఆనుకునే ఉంచాలి. “పొట్టి శ్రీరాములు డైడ్ ఇన్ మద్రాస్, ఎ ఫాలోయర్ ఆఫ్ గాంధీ” అని చివర తగిలిస్తే మద్రాసు గాంధీ అనుచరుడైపోతుంది.

అపోజిటివ్ నెగ్గలేని చోటు ఒకటుంది. మండల ఆఫీసు పని గురించి ఒక కుర్రాడు ఇలా రాశాడనుకుందాం: “ఐ మెట్ ది తహసీల్దార్, మై అంకుల్, అండ్ ది సర్పంచ్.” కలిసింది ముగ్గురినా, ఇద్దరినా? తహసీల్దారే వాళ్ల మామయ్యా, లేక మామయ్య వేరేనా? ఎన్నిసార్లు చదివినా తేలదు. వరసగా మనుషుల పేర్లు వచ్చే వాక్యంలో అపోజిటివ్ జోలికి పోకండి. “ది తహసీల్దార్, హూ ఈజ్ మై అంకుల్, అండ్ ది సర్పంచ్” అంటే గొడవ తీరిపోతుంది. ఇందాక కొట్టేయమన్న ‘హూ ఈజ్’ ఇక్కడ పనికొచ్చింది.

అపోజిటివ్‌లోనే కామాలుంటే బయట డాష్‌లు వాడండి: “త్రీ పోయెట్స్ — నన్నయ, తిక్కన అండ్ ఎర్రన — గేవ్ అస్ ది తెలుగు మహాభారతం.” ఇక్కడ కామాలతో సరిపెడితే ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో అర్థం కాదు.

ఇదంతా కాగితం మీది లెక్క. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు కామా కనబడదు, గొంతు ఆపితేనే తెలుస్తుంది. టెన్షన్‌లో ఆ ఆపడం మర్చిపోతాం. “మై ఫాదర్, ఎ ప్యాడీ ఫార్మర్ ఇన్ కోవూరు, ఎడ్యుకేటెడ్ త్రీ చిల్డ్రన్” అన్నది కవరింగ్ లెటర్‌లో ఎంతో బాగుంటుంది. అదే నోటితో చెప్పాలంటే “మై ఫాదర్ ఈజ్ ఎ ప్యాడీ ఫార్మర్ ఇన్ కోవూరు. హి ఎడ్యుకేటెడ్ త్రీ చిల్డ్రన్” అని రెండుగా విడగొట్టి, మధ్యలో ఊపిరి తీసుకుని చెప్పండి.